పీ బేస్‌లో పికప్ మారిస్తే ఏం మారుతుంది: డంకన్, డిమార్జియో, ఈఎంజీ, ఫ్రాలిన్ సెట్ల పోలిక

చవక రకం పీ బేస్ (ఫెండర్ ప్రెసిషన్ బేస్ తరహా బేస్ గిటార్) కొన్న కొన్నాళ్లకి చాలామందికి దాని పికప్ మీద, అంటే స్ట్రింగ్ కదలికని కరెంటు సిగ్నల్‌గా మార్చే అయస్కాంతం, కాయిల్ మీద అనుమానం వస్తుంది. ఒంటరిగా వాయిస్తే బాగానే ఉంటుంది. డ్రమ్స్, కీబోర్డు, రిథమ్ గిటార్ కలిశాక మాత్రం బేస్ ఏ నోటు మీద ఉందో తెలియదు, అడుగున ఏదో మోగుతున్నట్టు ఉంటుందంతే. పికప్ మారిస్తే ఇది చాలావరకు బాగుపడుతుంది. అయితే ఒకే సైజులో, ఒకే ఆకారంలో ఉండే ఈ సెట్లు టోన్‌ని తలా ఒక దిక్కుకి లాగుతాయి. ఒకరికి కుదిరింది కదా అని ఇంకొకరు అదే కొంటే డబ్బు దండగయ్యే అవకాశం ఎక్కువ.

ఇక్కడ పోల్చినవన్నీ నాలుగు స్ట్రింగుల ప్రెసిషన్ బేస్‌లో పట్టే స్ప్లిట్ కాయిల్ (రెండు ముక్కల) సెట్లే. ముందు తీర్పు చెప్పేస్తాను. ఎక్కువమందికి సరిపోయేది సేమూర్ డంకన్ ఎస్‌పీబీ-1. పిక్‌తో రాక్ వాయించేవాళ్లకి అదే కంపెనీ క్వార్టర్ పౌండ్, అంటే ఎస్‌పీబీ-3. కీబోర్డులు, గిటార్లు కిక్కిరిసిన ఆర్కెస్ట్రాలోనో చర్చి బ్యాండులోనో బేస్ వినపడాలంటే డిమార్జియో మోడల్ పీ. కరెంటు వైరింగ్ సరిగా లేని హాళ్లలో తరచూ వాయించాల్సి వస్తే ఈఎంజీ పీ. మంచి బేస్, మంచి ఆంప్ చేతిలో ఉన్నవాళ్లకి లిండీ ఫ్రాలిన్.

ఒక్క షరతు. పికప్ ఆర్డరిచ్చే ముందు స్ట్రింగ్స్ మార్చి చూడండి. చెమట పట్టి చచ్చిపోయిన రౌండ్‌వౌండ్ (గుండ్రటి వైరు చుట్టిన) స్ట్రింగ్స్‌కీ కొత్త సెట్‌కీ మధ్య వినిపించే తేడా, రెండు పికప్‌ల మధ్య తేడా కన్నా ఎక్కువ. 45-105 మందం నికెల్ సెట్ ఒకటి వేసి, రెండు రోజులు వాయించాక కూడా టోన్ మొద్దుగానే ఉంటే అప్పుడు పికప్ సంగతి చూడొచ్చు.

తేడా ఎక్కడ పుడుతుంది

పీ బేస్ 1951లో వచ్చినప్పుడు అందులో ఉన్నది ఒకే కాయిల్. ఇప్పుడు మనం చూసే రెండు ముక్కల పికప్ 1957 నాటిది. ఒక ముక్క ‘ఈ’, ‘ఏ’ స్ట్రింగుల కింద, రెండోది ‘డీ’, ‘జీ’ల కింద ఉంటుంది. రెండింటి అయస్కాంతాల దిక్కులు వేరు, వైరింగ్ కూడా ఎదురెదురు. అందుకే కరెంటు మోత (హమ్) ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది, స్ట్రింగ్ సిగ్నల్ మాత్రం నిలుస్తుంది. ఒక్కో స్ట్రింగ్ రెండు పోల్ పీసుల (పికప్ పైన కనిపించే లోహపు కడ్డీ కొసల) నడుమ నుంచి పోతుంది కాబట్టి స్ట్రింగ్ అటూ ఇటూ ఊగినా శబ్దం పడిపోదు. ఈ ఏర్పాటు అన్ని సెట్లలోనూ ఒకటే. తేడా అంతా అయస్కాంతం రకంలో, పోల్ పీసు లావులో, చుట్టిన వైరు మందంలో, చుట్ల సంఖ్యలో ఉంటుంది.

చుట్లు పెరిగితే శబ్దం పెరుగుతుంది, ఇండక్టెన్స్ (కరెంటులో మార్పుని అడ్డుకునే కాయిల్ గుణం) కూడా పెరుగుతుంది. ఆ ఇండక్టెన్స్ కేబుల్ కెపాసిటెన్స్‌తో (ఛార్జి నిలవచేసే గుణంతో) కలిసి ఒక చోట రెజొనెన్స్ ఇస్తుంది, అంటే ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర శబ్దం శిఖరంలా లేస్తుంది. పీ పికప్‌లకి ఇది సాధారణంగా 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య పడుతుంది. ఆ శిఖరం పైకి జరిగితే వేలి గోరు, ఫ్రెట్ శబ్దాలు స్పష్టమవుతాయి. కిందికి దిగితే ట్రెబుల్ (పై స్థాయి శబ్దాలు) తగ్గి మిడ్స్ (మధ్య స్థాయివి) చిక్కబడతాయి. కేబుల్ మీటరుకి సుమారు 100 పికోఫారడ్ కెపాసిటెన్స్ కలుపుతుంది. అంటే 6 మీటర్ల కేబుల్ తీసి 3 మీటర్లది పెడితే, పికప్ ముట్టుకోకుండానే ట్రెబుల్ కాస్త పైకి లేస్తుంది. రెండు పికప్‌లని వేర్వేరు కేబుళ్లతో పోల్చి ఇచ్చే తీర్పులు నమ్మదగ్గవి కావు.

ఓమ్స్ (కాయిల్ రెసిస్టెన్స్) చూసి కొనేవాళ్లు కూడా ఎక్కువే. పాత తరహా పీ సెట్ 10 నుంచి 12 కిలో ఓమ్స్ చూపిస్తుంది. సన్నటి వైరుతో చుట్టిన పికప్ అదే చుట్లకి ఇంకా ఎక్కువ చూపిస్తుంది, శబ్దం మాత్రం పెరగదు. ఒకే కంపెనీ, ఒకే వైరు, ఒకే అయస్కాంతం అయితేనే ఓమ్స్ పోలిక పనికొస్తుంది.

ఎస్‌పీబీ-1: పాత ఫెండర్ బాట

అల్నికో 5 (అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిసిన అయస్కాంత లోహం) రాడ్లు, వాటి చుట్టూ నేరుగా వైరు. 60ల నాటి పీ బేస్ పద్ధతే. నోటు మొదట్లో వేలి దెబ్బ స్పష్టంగా వినిపించి, వెంటనే గుండ్రంగా మారుతుంది. ‘ఏ’ స్ట్రింగ్ మీద ఐదో ఫ్రెట్ నుంచి పదో ఫ్రెట్ దాకా వాయించి చూస్తే దీని బలం తెలుస్తుంది. చవక పికప్‌లు అక్కడే కుంగిపోతాయి, ఇది మాత్రం నిలబడుతుంది. టోన్ నాబ్ పూర్తిగా మూసేస్తే బరువైన పాత ధ్వని, సగంలో ఉంచితే మిడ్స్ ముందుకి, పూర్తిగా తెరిస్తే రాక్‌కి సరిపడా కరుకు. నాబ్ ప్రతి మలుపులోనూ పనికొచ్చే టోన్ ఇచ్చే పికప్‌లు తక్కువే. ఈ సెట్‌ని ముందు పెట్టడానికి పెద్ద కారణం అదే.

మోటౌన్ (అమెరికా సోల్ సంగీత కంపెనీ) రికార్డుల టోన్ దీంతో వచ్చేస్తుందని ఆశపడే వాళ్లకి ఒక మాట. ఆ రికార్డుల్లో బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ వాడిన 1962 పీ బేస్ మీద ఉన్నవి లావుపాటి ఫ్లాట్‌వౌండ్ (పైన నున్నగా ఉండే) స్ట్రింగ్స్. వాటిని ఆయన మార్చేవాడు కాదు. బ్రిడ్జి కవర్ కింద స్ట్రింగ్స్‌ని అణచి పట్టే ఫోమ్ ముక్క ఉండేది. ఒంటి వేలితో వాయించేవాడు. ఆ టోన్‌లో పికప్ వాటా చిన్నది. ఎస్‌పీబీ-1 దారికి అడ్డం రాదు, మిగతాది స్ట్రింగ్స్, ఫోమ్, వేలు చేయాలి.

లోపమల్లా అవుట్‌పుట్ ఓ మోస్తరుగా ఉండటమే. చిన్న ప్రాక్టీస్ ఆంప్‌లో నేరుగా పెడితే చప్పగా అనిపించవచ్చు. గెయిన్ కాస్త పెంచితే సర్దుకుంటుంది. ఫెండర్ సొంత ప్యూర్ వింటేజ్ 63 సెట్ కూడా ఇదే కోవది. తక్కువ ధరకి దొరికితే నిశ్చింతగా తీసుకోవచ్చు.

క్వార్టర్ పౌండ్: ఇంట్లో రాజు, వేదిక మీద లెక్క వేరు

మామూలు పోల్ పీసు సుమారు 4.8 మిల్లీమీటర్లు. ఇందులో పావు అంగుళం, అంటే 6.35 మిల్లీమీటర్లు. అయస్కాంతం పెద్దది, చుట్లు ఎక్కువ. లో ఎండ్ (అడుగు స్థాయి శబ్దాలు) ఉబ్బుతుంది, పైన పిక్ శబ్దం కరకరలాడుతుంది, మధ్యలో కొంచెం లోతు పడుతుంది. గదిలో ఒక్కరే వాయిస్తుంటే ఇంతకన్నా గొప్ప పికప్ లేదనిపిస్తుంది. రెండు డిస్టార్షన్ గిటార్లు పక్కన చేరగానే ఆ తగ్గిన మిడ్స్ చోటుని గిటార్లు ఆక్రమించేస్తాయి. ఒకే గిటార్ ఉన్న ముగ్గురి బ్యాండ్‌లో మాత్రం ఖాళీ బాగా నింపుతుంది. ఆంప్‌లో 400 నుంచి 800 హెర్ట్జ్ మధ్య కొంచెం లేపితే పెద్ద బ్యాండ్‌లోనూ నెగ్గుకొస్తుంది.

ఎత్తు విషయంలో దీనితో ఎక్కువ జాగ్రత్త అవసరం. బలమైన అయస్కాంతం స్ట్రింగ్‌కి మరీ దగ్గరగా ఉంటే దాన్ని లాగి పట్టుకుంటుంది. ‘ఈ’ స్ట్రింగ్ పై ఫ్రెట్లలో నోటు వణికినట్టు, రెండు శ్రుతులు కలిసి మోగినట్టు వినిపిస్తుంది, సస్టెయిన్ (నోటు నిలిచే సమయం) తగ్గుతుంది. ఇంటొనేషన్ (ఫ్రెట్లలో శ్రుతి) పాడైందని బ్రిడ్జి శాడిల్స్ తిప్పుతూ కూర్చునే ముందు పికప్‌ని ఒక మిల్లీమీటరు దించి చూడండి. యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్‌లో రికార్డ్ చేస్తుంటే దీని అవుట్‌పుట్‌కి గెయిన్ సున్నాలో ఉన్నా ఎర్ర లైటు వెలగవచ్చు. ప్యాడ్ (సిగ్నల్ తగ్గించే) స్విచ్ ఉంటే వేయండి, లేదంటే వాల్యూమ్ కొంచెం తగ్గించండి.

డిమార్జియో మోడల్ పీ

పేరులో డీపీ122 అని ఉంటుంది. స్ప్లిట్ పీ అనేది అదే కంపెనీలో వేరే పికప్, ఆర్డర్ పెట్టేటప్పుడు నంబరు సరిచూసుకోవాలి. సెరామిక్ అయస్కాంతం, అల్లెన్ కీతో తిప్పగలిగే స్టీలు పోల్ పీసులు. సెరామిక్ అనగానే గీరుడు శబ్దం అనుకునే అలవాటు ఒకటి ఉంది. ఈ సెట్ వింటే ఆ అభిప్రాయం పోతుంది. కాయిల్ లోపల ఉన్నది స్టీలు కావడంతో ఇండక్టెన్స్ పెరిగి, రెజొనెన్స్ కిందికి దిగుతుంది. దాంతో ట్రెబుల్ తగ్గి మిడ్స్ గుర్రుమంటాయి.

పెళ్లి ఆర్కెస్ట్రాల్లో, చర్చి ఆరాధనల్లో కీబోర్డ్ వాయించేవాళ్ల ఎడమ చెయ్యి తరచూ బేస్ చోటులోనే తిరుగుతుంటుంది. అక్కడ లో ఎండ్ ఎంత పెంచినా బురదే తప్ప స్పష్టత రాదు. మోడల్ పీ ఇచ్చే మిడ్స్ ఆ బురదలోంచి నోటుని పైకి తీస్తాయి. ఇళయరాజా పాటల్లోలాగా బేస్ తనంతట తాను ఒక రాగం పాడుకుంటూ పోయే చోట్ల ప్రతి నోటు విడివిడిగా వినపడాలి కదా, అలాంటి వాయింపుకి ఈ పికప్ బాగా పనిచేస్తుంది. స్లాప్ (బొటనవేలితో స్ట్రింగ్‌ని కొట్టే పద్ధతి) వాయించేవాళ్లు మాత్రం దీని జోలికి పోకపోవడం మేలు. పైన మెరుపు చాలదు.

పోల్ పీసులు తిప్పుకునే సౌకర్యం చిన్నదేమీ కాదు. ‘డీ’ స్ట్రింగ్ మందకొడిగా ఉంటే దాని రెండు స్క్రూలు పావు చుట్టు పైకి తిప్పితే చాలు. అల్నికో రాడ్లున్న పాత తరహా పికప్‌లలో ఈ పని ఎప్పుడూ చేయకూడదు. అక్కడ తల వెంట్రుకంత సన్నటి వైరు రాడ్డుకే చుట్టుకుని ఉంటుంది. రాడ్డుని వేలితో నొక్కి జరిపితే వైరు తెగి పికప్ చచ్చిపోతుంది.

ఈఎంజీ పీ, ఫ్రాలిన్, అగ్విలార్

ఈఎంజీ పీ యాక్టివ్ పికప్. లోపలే చిన్న ప్రీఆంప్, బయట 9 వోల్టుల బ్యాటరీ. కేబుల్ పొడుగు దీని టోన్‌ని మార్చలేదు. నాలుగు స్ట్రింగులూ సమంగా, నున్నగా వస్తాయి, రికార్డింగ్‌లో ఆ సమత్వం వరం. వేలి బలంతో నోటుకీ నోటుకీ తేడా చూపించేవాళ్లకి మాత్రం ఆ నున్నదనమే అడ్డు. గట్టిగా కొట్టడానికీ మెల్లగా మీటడానికీ మధ్య తేడా తగ్గినట్టుంటుంది. జనరేటర్ మీద నడిచే వేదికలు, డిమ్మర్ లైట్లు, ఎర్తింగ్ లేని సాకెట్లు ఉన్నచోట దీని నిశ్శబ్దం విలువ తెలుస్తుంది.

దీన్ని పెట్టేటప్పుడు పాత 250 కిలో ఓమ్స్ పాట్స్ (నాబ్‌ల కింద ఉండే, తిప్పితే మారే రెసిస్టర్లు) తీసేసి, పెట్టెలో వచ్చే 25 కిలో ఓమ్స్ పాట్సే వాడాలి. పాతవి వదిలేస్తే వాల్యూమ్ నాబ్ లైటు స్విచ్‌లాగా ఒక్కసారిగా మారుతుంది, టోన్ నాబ్ దాదాపు పనిచేయదు. స్టీరియో జాక్ కూడా మార్చాలి, బ్యాటరీ ఆన్, ఆఫ్ అయ్యేది దానితోనే. వాయించడం అయ్యాక కేబుల్ పీకకపోతే బ్యాటరీ కరిగిపోతుంది. బ్యాటరీకి పిక్‌గార్డ్ కింద చోటుందో లేదో కొనే ముందే కొలుచుకోండి. ఇదే కంపెనీ, బ్లాక్ సబ్బత్ బ్యాండ్ బేసిస్ట్ గీజర్ బట్లర్ పేరుతో అమ్మే సెట్ పాసివ్, బ్యాటరీ అక్కర్లేదు. సోల్డరింగ్ రానివాళ్లకి ప్లగ్ చేసుకునే కనెక్టర్లతో వస్తుంది, మిడ్స్ దూకుడుగా ఉంటాయి.

అమెరికాలో వర్జీనియా రాష్ట్రం రిచ్‌మండ్‌లో తయారయ్యే లిండీ ఫ్రాలిన్ పీ సెట్ మామూలు చుట్లతోనూ, 5 శాతం, 10 శాతం అదనపు చుట్లతోనూ దొరుకుతుంది. మామూలు సెట్ ఎస్‌పీబీ-1 కన్నా కొంచెం తేటగా, గాలి ఆడుతున్నట్టు ఉంటుంది. 5 శాతం సెట్ అందులోకి తగినంత కండ చేరుస్తుంది, ఎంచుకోవాల్సింది అదే. 10 శాతానికి వెళితే ఆ తేటదనమే పోతుంది, అప్పుడు ఇంత ధర పెట్టడంలో అర్థం లేదు. న్యూయార్క్ కంపెనీ అగ్విలార్ 60ల తరహా సెట్ కూడా ఇదే తరగతిలో నిలుస్తుంది. ఈ రెండూ చవక బేస్‌లో వేయడం నాకు సమ్మతం కాదు. ఆ డబ్బులో సగంతో ఎస్‌పీబీ-1, మిగతా సగంతో ఫ్రెట్ లెవెలింగ్, సెటప్ చేయించుకుంటే బేస్ ఎక్కువ బాగుపడుతుంది.

బిగించే పద్ధతి, తేడా కొట్టే చోట్లు

పాత వైరింగ్‌ని ఫోటో తీసుకోండి. స్ట్రింగ్స్ వదులు చేసి, పిక్‌గార్డ్ స్క్రూలు విప్పండి. పికప్ నుంచి వచ్చే రెండు వైర్లు ఎక్కడికి పోతున్నాయో చూడండి: హాట్ (సిగ్నల్) వైరు వాల్యూమ్ పాట్ చివరి కాలికి, గ్రౌండ్ వైరు పాట్ వీపుకి. పాట్ వీపు పెద్ద లోహం కాబట్టి వేడిని మింగేస్తుంది. 25 వాట్ల ఐరన్‌తో నిమిషాల తరబడి కాల్చితే లోపలి కార్బన్ ట్రాక్ పాడవుతుంది. ఉప్పు కాగితంతో వీపు గీకి, 40 వాట్ల ఐరన్‌తో మూడు నాలుగు సెకన్లలో ముగించడం మంచిది. సోల్డర్ 60/40 రోజిన్ కోర్‌ది చాలు.

టోన్ కెపాసిటర్ 0.047 మైక్రోఫారడ్. దాని మీద 473 అని ఉంటుంది. కోఠి గుజరాతీ గల్లీలో గానీ ఏ ఊరి ఎలక్ట్రానిక్స్ షాపులో గానీ దొరికే పాలియెస్టర్ కెపాసిటర్ సరిపోతుంది, ఖరీదైనవి అక్కర్లేదు. పాట్స్ మారిస్తే మాత్రం గిటార్‌కి చేసినవే తీసుకోండి: 250 కిలో ఓమ్స్, ఆడియో టేపర్, అంటే మీద ‘ఏ’ అక్షరం ఉన్నవి. సీటీఎస్ పాట్ మెడకి 9.5 మిల్లీమీటర్ల రంధ్రం కావాలి. చవక బేస్ పిక్‌గార్డ్‌లో ఉండేది 7, 8 మిల్లీమీటర్లే. రీమర్‌తో కొంచెం కొంచెంగా పెద్దది చేయాలి. డ్రిల్ వేస్తే ప్లాస్టిక్ పగులుతుంది.

పిక్‌గార్డ్ మూసే ముందే కేబుల్ పెట్టి, వాల్యూమ్ పూర్తిగా తెరిచి, ప్లగ్ రెండు కొసల మీద మల్టీమీటర్ పెట్టండి. 10.5 కిలో ఓమ్స్ సెట్ అయితే సుమారు 10 చూపించాలి, వాల్యూమ్ పాట్ పక్కన ఉండటం వల్ల కొంచెం తగ్గుతుంది. సగమే చూపిస్తే ఒక ముక్క ఎక్కడో షార్ట్ అయింది, రెండు స్ట్రింగులు పలకవు. 250 దరిదాపుల్లో చూపిస్తే కాయిల్ గానీ రెండు ముక్కల మధ్య అతుకు గానీ తెగింది. రీడింగ్ బాగానే ఉండి మోత మాత్రం జాజ్ బేస్‌లోలాగా (ఫెండర్‌దే రెండు సింగిల్ కాయిల్ పికప్‌ల బేస్) వస్తోందంటే, ఆ అతుకు దగ్గర ఒక ముక్క వైర్లు తారుమారయ్యాయి. స్ట్రింగులన్నీ పలుకుతాయి కాబట్టి ఈ తప్పు చాలామందికి తెలియనే తెలియదు. ఒక ముక్క వైర్లు మార్చి అతికితే మోత పోతుంది. వైర్ల రంగులు కంపెనీకొక రకం, ఒకదాని బొమ్మ చూసి ఇంకోదానికి అతకొద్దు.

స్ట్రింగ్స్ ముట్టుకుంటే మోత తగ్గడం మామూలే. ముట్టుకుంటే పెరుగుతోందంటే హాట్, గ్రౌండ్ తారుమారయ్యాయి. ముట్టుకున్నా ముట్టుకోకపోయినా ఒకేలా ఉంటే బ్రిడ్జి కిందికి పోయే గ్రౌండ్ వైరు ఊడింది. స్ట్రింగ్స్ పట్టుకుని పాడుతుంటే మైక్‌కి పెదవి తగిలి చుర్రుమంటే తప్పు పికప్‌ది కాదు, హాలు ఎర్తింగ్‌ది. వెంటనే ఆపి ఎలక్ట్రీషియన్‌ని పిలిపించాలి. ప్రాణం మీదికొచ్చే విషయం.

విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో అల్నికో రాడ్ల మీద తుప్పు త్వరగా పడుతుంది. పైన కనిపించే మచ్చల వల్ల టోన్ మారదు. తేమ కాయిల్ లోపలికి దిగితే వైరు కొరుక్కుపోయి తెగుతుంది. వాయించాక పొడి గుడ్డతో తుడవడం, మైనంలో ముంచిన పికప్ ఎంచుకోవడం రెండూ ఆయుష్షు పెంచుతాయి.

ఎత్తు మొదలుపెట్టడానికి ఫెండర్ చెప్పే కొలత మంచిది: చివరి ఫ్రెట్ నొక్కి పట్టి, స్ట్రింగ్ అడుగు నుంచి పోల్ పీసు దాకా ‘ఈ’ వైపు 2.8, ‘జీ’ వైపు 2 మిల్లీమీటర్లు. అక్కడి నుంచి చెవితో దించుకుంటూ వెళ్లాలి. కింద ఫోమ్ పొడి అయిపోయి ఉంటే కొత్త ముక్క పెట్టండి, లేకపోతే స్క్రూ వదులు చేసినా పికప్ పైకి లేవదు.

పాత పికప్‌నీ కొత్తదాన్నీ పోల్చేటప్పుడు రెండింటినీ అదే స్ట్రింగ్స్, అదే కేబుల్‌తో నేరుగా రికార్డ్ చేసి, శబ్దం సమం చేశాకే వినండి. రెండు మూడు డెసిబెల్స్ ఎక్కువున్నది ఎప్పుడూ మంచి టోన్‌లాగే అనిపిస్తుంది. క్వార్టర్ పౌండ్‌కి అంత పేరు రావడంలో దీని పాత్ర కూడా ఉంది. తర్వాత రెండు రికార్డింగుల మీదా డ్రమ్స్, కీబోర్డ్ ట్రాక్ వేసి మళ్లీ వినండి. అప్పుడు అభిప్రాయం తలకిందులవడం తరచూ జరుగుతుంది.

జాజ్ బేస్ వాళ్ల కోసం కొద్దిగా. అక్కడ ఒక్క పికప్ మాత్రమే తెరిస్తే మోత తప్పదు. మన కరెంటు 50 హెర్ట్జ్. ‘ఈ’ స్ట్రింగ్ మూడో ఫ్రెట్‌లోని ‘జీ’ నోటు 49 హెర్ట్జ్, ఓపెన్ ‘జీ’ స్ట్రింగ్ 98. అంటే 50, 100 దగ్గర పడే మోతని ఈక్వలైజర్‌తో కోస్తే నోట్లు కూడా కోసుకుపోతాయి. జాజ్ బేసిస్ట్ జాకో పాస్టోరియస్‌లాగా బ్రిడ్జి పికప్ ఒక్కదానితోనే వాయించాలనుకుంటే డిమార్జియో మోడల్ జే లాంటి మోత రాని సెట్ తీసుకోవడమే దారి. జాజ్ బేస్ మెరుపులో కొంచెం తగ్గుతుంది, అయినా బేరం మంచిదే. కొనేటప్పుడు బ్రిడ్జి పికప్ నెక్ పికప్ కన్నా సుమారు 3 మిల్లీమీటర్లు పొడుగని గుర్తుంచుకోండి. నెక్ సైజువి రెండు తెప్పించుకుంటే ఒకటి చుట్టూ ఖాళీతో వదులుగా కూర్చుంటుంది, బ్రిడ్జి సైజువి రెండైతే ఒకటి గూట్లో దిగనే దిగదు. కొన్ని చవక బేస్‌లలో రెండు గూళ్లూ ఒకే సైజు ఉంటాయి కాబట్టి, ఆర్డర్ పెట్టే ముందు స్కేలు పెట్టి రెండూ విడివిడిగా కొలవండి.